సముద్రపు నాచు టానిక్: వరి, జొన్న, గోధుమకు ఎంతవరకు పనికొస్తుంది?

ఎరువుల దుకాణానికి వెళ్లి రెండు బస్తాల యూరియా అడిగితే బిల్లులో మూడో వస్తువు ఒకటి చేరడం మన వాళ్లకు ఇప్పుడు కొత్త కాదు. ముదురు గోధుమరంగు ద్రవం, కాస్త చేపల వాసన, సీసా మీద పచ్చటి పైరు బొమ్మ. కొన్నిటి మీద మరాఠీలో ‘సముద్రీ శేవాళ్’ అని ఉంటుంది, కొన్నిటి మీద ఇంగ్లీషు తప్ప మరేమీ ఉండదు. దుకాణంలో మాత్రం అన్నిటికీ ఒకటే పేరు, టానిక్. ఇదేమిటి, పత్తికి కొట్టినట్టే తిండిగింజల పంటలకూ కొట్టవచ్చా, పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా అని ఆవర్‌పూర్, నాందా ఫాటా, గడ్‌చందూర్ వైపు నుంచి మన సంఘం సభ్యులు అడుగుతున్నారు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఇంకా భూములు ఉన్న కుటుంబాలు కూడా అడుగుతున్నాయి.

మాలో వ్యవసాయ శాస్త్రం చదివినవాళ్లు లేరు. సిమెంటు ఫ్యాక్టరీలోనో ఏదో ఒక ఆఫీసులోనో ఫైళ్లు తిరగేసి రిటైరైనవాళ్లమే ఎక్కువ. అందుకే ఈ విషయాన్ని కూడా ఒక ఫైలు చూసినట్టే చూశాం. ప్రయోగాల్లో ఏం తేలింది, చట్టం ఏం చెబుతోంది, ఎకరానికి లెక్క ఎక్కడ తేలుతుంది అన్న మూడూ ఒకచోట పెడుతున్నాం.

ఎరువు కాదు, ఉత్తేజకం

ముందుగా తెలుసుకోవలసింది ఇదే. నాచు ద్రావణం ఎరువు కాదు. పైరుకు కావలసిన నత్రజని, భాస్వరం ఇందులో దాదాపు లేనట్టే. పొటాష్ కొంత ఉంటుంది గానీ ఎకరానికి పోసే పావు లీటరు, అర లీటరులో అది ఏపాటి? ప్రభుత్వం దీన్ని ‘బయోస్టిములెంట్’ అనే తరగతిలో పెట్టింది. తెలుగులో జైవ ఉత్తేజకం అంటున్నారు. పైరు తన తిండి తాను బాగా తీసుకోవడానికి, ఎండకూ బెట్టకూ తట్టుకోవడానికి తోడ్పడేది అని అర్థం. తిండి పెట్టకుండా టానిక్ తాగిస్తే పిల్లవాడు ఒళ్లు చేస్తాడా? ఆ మాటకొస్తే దుకాణదారులు పెట్టిన ‘టానిక్’ అన్న పేరే సరిగ్గా సరిపోయింది.

సముద్రపు నాచును పొలానికి వాడటం కొత్తేమీ కాదు. ఐర్లండ్, స్కాట్లండ్ తీరాల రైతులు ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును తరతరాలుగా చేలకు తోలుకున్నారు. మన దక్షిణ తీరంలోనూ కొబ్బరి తోటలకు వేసేవారు. కానీ పచ్చి నాచును తీరం దాటించి తీసుకెళ్లడం కష్టం. దాని సారాన్ని ద్రవంగా తీసి సీసాల్లో అమ్మడం 1940ల చివర్లో ఇంగ్లండులో మొదలైంది. సముద్రం ఎటు చూసినా వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మన ఆవర్‌పూర్ దాకా నాచు రాగలిగిందంటే అందువల్లే.

ఇప్పుడు మన దేశంలో దొరికే సీసాల్లో ప్రధానంగా రెండు రకాల నాచు ఉంటుంది. ఒకటి ఎర్ర నాచు, పేరు కప్పాఫైకస్. ఫిలిప్పీన్స్ ప్రాంతపు మొక్క. తమిళనాడులో రామనాథపురం జిల్లా మండపం తీరాన వెదురు తెప్పలకు తాళ్లతో కట్టి పెంచుతారు, సుమారు 45 రోజులకు ఒక కోత. ఈ పనిలో మత్స్యకార కుటుంబాల ఆడవాళ్లు స్వయం సహాయక సంఘాలుగా ఏర్పడి ఉన్నారు. గుజరాత్‌లోని భావనగర్‌లో ఉన్న కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ తాజా నాచును నలిపి రసం పిండి పంటలకు వాడే పద్ధతిని రూపొందించి పేటెంట్ తీసుకుంది. పిండగా మిగిలిన పిప్పి నుంచి క్యారజీనన్ అనే జిగురు పదార్థం తీస్తారు, అది ఐస్‌క్రీముల్లోకీ టూత్‌పేస్టుల్లోకీ పోతుంది. రెండోది గోధుమరంగు నాచు. వాటిలో ఆస్కోఫిల్లం అనేది కెనడా, నార్వే, ఐర్లండ్ చల్లని తీరాల్లో పెరుగుతుంది. ఎక్కువగా దాన్ని పొటాష్ క్షారంలో ఉడికించి సారం తీస్తారు. సర్గాసం అనే మరో గోధుమరంగు నాచు మన తీరాల్లోనే దొరుకుతుంది. ఇఫ్కో వారి సాగరిక వంటివాటిలో ఎరుపు, గోధుమరంగు రెండూ కలిపి ఉంటాయి.

లోపల ఏముంది అంటే, మొక్కల్లో సహజంగా ఉండే పెరుగుదల హార్మోన్లు (సైటోకైనిన్లు, ఆక్సిన్లు, జిబ్బరెల్లిన్లు) అతి స్వల్ప మోతాదులో, గ్లైసిన్ బీటైన్ అనే పదార్థం, నాచుకే ప్రత్యేకమైన కొన్ని పిండిపదార్థాలు, కొద్దిగా సూక్ష్మపోషకాలు. సైటోకైనిన్ల వల్ల ఆకు త్వరగా పండిపోకుండా పచ్చగా నిలుస్తుంది. గింజ పాలు పోసుకునే రోజుల్లో ఆకు వారం ఎక్కువ పచ్చగా ఉంటే తాలు తగ్గుతుంది. బీటైన్ నీటి ఎద్దడిలో కణాలను కాపాడుతుంది. వేరు కాస్త ఎక్కువ పాకుతుంది. పని చేసినప్పుడు జరిగేది ఇది.

ప్రయోగాల అంకెలు, సీసా అంకెలు

భావనగర్ సంస్థ శాస్త్రవేత్తలు గోధుమ మీద చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. కప్పాఫైకస్ రసం 7.5 శాతం కలిపిన నీళ్లు చల్లితే గింజ దిగుబడి సుమారు 20 శాతం, గ్రాసిలేరియా అనే మరో ఎర్ర నాచు రసం 5 శాతం చల్లితే సుమారు 13 శాతం పెరిగింది. అంతకుముందు 2009లో వర్షాధార సోయాబీన్ మీద వచ్చిన ఫలితం ఇంకా పెద్దది. 15 శాతం రసానికి 57 శాతం ఎక్కువ గింజ. వరి మీద పశ్చిమ బెంగాల్‌లోని విధానచంద్ర కృషి విశ్వవిద్యాలయంలోనూ, మేఘాలయలోని ఐసీఏఆర్ కేంద్రంలోనూ ప్రయోగాలు జరిగి అనుకూలంగానే తేలాయి.

దుకాణాల్లో వినిపించే ‘ఇరవై శాతం పెరుగుతుంది’ అనే మాటకు మూలం ఇలాంటి ప్రయోగాలే. అంకె అబద్ధం కాదు. అయితే ఆ కాగితాలు చదివేటప్పుడు రెండు విషయాలు కనిపిస్తాయి, అవి సీసా మీద కనిపించవు.

మొదటిది, ప్రయోగంలో వాడింది తాజా రసం. 15 శాతం అంటే లీటరు నీటికి 150 మిల్లీలీటర్లు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు పట్టిస్తే 30 లీటర్ల రసం కావాలి, అదీ ఒక్క పిచికారీకి. మనకు అమ్మేది చిక్కబరచిన ద్రావణం, లీటరుకు 2 నుంచి 3 మిల్లీలీటర్లు చాలంటారు. రెండింటికీ మధ్య యాభై, అరవై రెట్ల తేడా. చిక్కబరచడంలో ఆ తేడా పూర్తిగా పూడిందా అన్నది ప్రతి కంపెనీ తన సీసాకు వేరుగా రుజువు చేయాల్సిన సంగతి. ఒక నాచు రసం ఫలితాన్ని ఇంకో నాచు సీసాకు అంటగట్టడం కుదరదు.

రెండోది, వరిలో మంచి ఫలితాలు వచ్చింది సిఫారసు చేసిన ఎరువులు పూర్తిగా వేసి, దాని పైన రసం కొట్టినప్పుడు. ‘ఇది కొడితే యూరియా సగం తగ్గించవచ్చు’ అని ఎవరైనా చెబితే నమ్మి సగం చేయకండి.

మా అభిప్రాయం అడిగితే, నేల బాగా ఉండి, నీళ్లుండి, ఎరువులు సమయానికి పడిన చేలో ఇది పెద్దగా తేడా చూపదు. వాన వెనక్కి తగ్గి పైరు నీరసపడ్డ ఏడాది, లేదా నాటు ఆలస్యమైన చేలో, కొంత ఆదుకోవచ్చు. బొత్తిగా ఎండిపోతున్న చేలో ఏ సీసా పనిచేయదు.

ఎకరం లెక్క

ఇక డబ్బు సంగతి. సీసాల ధరలు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి ఒక ఊహ లెక్క వేద్దాం. ఒక పిచికారీకి మందు 300, కూలి 300 అనుకుంటే, రెండు పిచికారీలకు 1,200 రూపాయలు.

వరి తీసుకుందాం. 2025-26లో సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 1,200 రాబట్టాలంటే దాదాపు 51 కిలోల వడ్లు అదనంగా పండాలి. ఎకరానికి 18 క్వింటాళ్లు పండే చేలో అది 3 శాతం లోపే. 5 శాతం పెరిగితే 90 కిలోలు, అంటే ఖర్చు పోను 900 రూపాయల దాకా మిగులుతుంది. మూల్, సిందేవాహి, నాగ్‌భీడ్, బ్రహ్మపురి వైపు వరి వేసే మన కుటుంబాలు నీళ్లున్న చేలో ఒకసారి చూడటంలో తప్పులేదు.

అదే కోర్పనా నల్లరేగడిలో వానజొన్న తీసుకోండి. హైబ్రిడ్ జొన్న మద్దతు ధర 3,699. ఎకరానికి 5 క్వింటాళ్లే పండితే 5 శాతం అంటే 25 కిలోలు, 925 రూపాయలు. పెట్టింది 1,200. చేతి నుంచి 275 పోయినట్టు. జొన్నలో లెక్క తేలాలంటే పెరుగుదల 6 శాతం దాటాలి, బజారులో మద్దతు ధర కూడా దొరకాలి. మద్దతు ధర దొరకడం ఎంత నిజమో మీకు మేము చెప్పనక్కర్లేదు. ఇంటి తిండికి, పశువుల మేతకు ఎకరమో అరెకరమో జొన్న వేసుకునేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు. బావి కింద రబీ గోధుమ సంగతి ఈ రెండింటికీ మధ్యస్థం. అక్కడ రెండు పిచికారీలకు బదులు ఒక్కటే, పిలకల దశలో కొట్టి చూడవచ్చు.

సీసా మీద ఏం చూడాలి

ఇన్నాళ్లూ ఈ టానిక్కులకు అడిగే నాథుడు లేడు. అవి ఎరువుల చట్టం కిందికీ రాలేదు, పురుగుమందుల చట్టం కిందికీ రాలేదు. 2021 ఫిబ్రవరి 23న కేంద్రం 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి బయోస్టిములెంట్లను దాని కిందికి తెచ్చింది. నాచు సారాలు అందులో వృక్ష సంబంధ సారాల తరగతిలో ఉన్నాయి. తయారీదారు తన సరుకు పనిచేస్తుందని వేర్వేరు వ్యవసాయ ప్రాంతాల్లో, వేర్వేరు మోతాదుల్లో పరీక్ష చేయించి చూపాలి. అందులో పురుగుమందు కలిసి ఉండకూడదు, మిలియన్‌లో 0.01 వంతుకు మించితే తప్పు. ఈ నిబంధనకు కారణం ఉంది. ‘సేంద్రియ టానిక్’ పేరుతో పురుగుమందు కలిపి అమ్మితే పురుగు చచ్చి పైరు కళకళలాడుతుంది, రైతు అది టానిక్ మహిమ అనుకుంటాడు.

పాత సరుకు అమ్ముకోవడానికి ఇచ్చిన తాత్కాలిక రిజిస్ట్రేషన్ల గడువు 2025 జూన్ 16తో ముగిసింది. ఆ మరుసటి నెలలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ చెప్పిన అంకెలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దేశంలో సుమారు 30 వేల బయోస్టిములెంట్లు ఏళ్ల తరబడి తనిఖీ లేకుండా అమ్ముడయ్యాయి, గత నాలుగేళ్లలో కూడా 8 వేల దాకా ఉన్నాయి, కట్టుదిట్టం చేశాక 650 వరకు మిగిలాయి అని. మనం కొన్నది ఆ మిగిలినవాటిలోదా, పోయినవాటిలోదా?

కాబట్టి డబ్బులిచ్చే ముందు సీసా తిప్పి చూడండి. ఏ నాచు నుంచి తీసిందో పేరు ఉండాలి, ‘సముద్ర శక్తి’ లాంటి మాటలు చాలవు. సారం ఎంత శాతమో ఉండాలి. ఏ పంటకు, ఎంత మోతాదు అన్నది ఉండాలి. తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉండాలి. పాత తాత్కాలిక నంబరు ఒక్కటే చూపించే సీసా అయితే కొనకుండా ముందు తాలూకా కృషి అధికారికి ఫోటో చూపించండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు వేయించుకోండి. తుండు కాగితం మీద రాసిచ్చింది బిల్లు కాదు. ఉద్దెర తీసుకున్నా బిల్లు అడిగే హక్కు పోదు.

యూరియా కావాలంటే టానిక్ కూడా కొనాలి అని కట్టిపడేయడాన్ని మన దగ్గర ‘లింకింగ్’ అంటున్నారు. సబ్సిడీ ఎరువులతో నానో ఎరువులు, బయోస్టిములెంట్లు బలవంతంగా అంటగట్టడం ఆపించాలని అదే 2025 జూలైలో కేంద్ర మంత్రి రాష్ట్రాలకు లేఖ రాశారు. అలా అడిగిన దుకాణం మీద పంచాయతీ సమితి కృషి అధికారికి గానీ, చంద్రపూర్‌లోని జిల్లా అధీక్షక కృషి అధికారికి గానీ అర్జీ ఇవ్వవచ్చు. మరాఠీ మాట్లాడటం వచ్చినా రాయడం రాని పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. 1956 దాకా రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది, మన కోర్పనా తాలూకా ఆ తర్వాత దాన్నుంచి విడిపోయిందే. ఆ పాత కుటుంబాల్లో మరాఠీ కాగితం అంటే వెనకాడేవాళ్లను మేము చూస్తూనే ఉన్నాం. బిల్లు, తేదీ, జరిగిన సంగతి తెస్తే అర్జీ మేమే రాసిపెడతాం.

ఎప్పుడు, ఎలా కొట్టాలి

వరికి మొదటిసారి పిలకలు వేసే దశలో, రెండోసారి చిరుపొట్ట దశలో. జొన్నకు నెల, నెలా ఐదు రోజుల మధ్య ఒకసారి, పొట్ట దశకు ముందు ఒకసారి. పూత మీద ఉన్నప్పుడు వద్దు. ఉదయం మంచు ఆరాక లేదా సాయంత్రం ఎండ తగ్గాక, గాలి లేనప్పుడు.

కొలత దగ్గర చాలామంది మూతతో పోసేస్తారు. లీటరుకు 2.5 మిల్లీలీటర్లు అని ఉంటే 15 లీటర్ల పంపుకు 37.5, అంటే 37, 38 మిల్లీలీటర్లు. ఎకరానికి పది పంపులైతే 375. చిన్న పిల్లల మందు కొలిచే గ్లాసు ఒకటి దీనికే వేరుగా పెట్టుకోండి, మళ్లీ ఇంట్లో వాడకండి. ఎక్కువ పోస్తే ఎక్కువ పండదు. మోతాదు మించితే ఆకు అంచులు మాడవచ్చు.

మన నీళ్ల గురించి ఒక మాట. మనది సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చిందే అందుకు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. గోధుమరంగు నాచులో ఉండే ఆల్జినేట్ అనే పదార్థం కాల్షియంతో కలిస్తే జెల్లీలా గడ్డకడుతుంది, నాజిల్ మూసుకుపోతుంది. ముందు ఒక గాజు సీసాలో లీటరు నీళ్లు, కొలిచిన మందు కలిపి అరగంట ఉంచండి. అడుగున ముద్ద, పైన తరకలు కనిపిస్తే ఆ నీళ్లు వద్దు. పట్టి ఉంచిన వాన నీరో చెరువు నీరో వాడండి.

పురుగుమందుతో కలిపి ఒకేసారి కొట్టేస్తే ఒక కూలి మిగులుతుందని మన వాళ్ల ఆశ. లేబుల్ మీద కలపవచ్చు అని ఉంటే తప్ప ఆ పని చేయకండి. 2017లో పక్కనే ఉన్న యవత్‌మాల్ జిల్లాలో పత్తికి పురుగుమందులు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. నాచు ద్రావణంలో విషం లేదన్నది నిజమే. కానీ పంపులో కలిశాక కొట్టేవాడి ఒంటి మీద పడేది రెండూ కలిసిన నీళ్లే. టానిక్ కదా అని మాస్కు, చేతి తొడుగులు తీసేస్తే ఆ రోజే ప్రమాదం.

మన చేలో మన పరీక్ష

ఏ కంపెనీ ప్రయోగం కన్నా మీ చేను చెప్పేది మీకు నమ్మకం. మన జిల్లాలోనే నాగ్‌భీడ్ తాలూకా నాందేడ్ గ్రామానికి చెందిన దాదాజీ ఖోబ్రాగడే ఉండేవారు. ఎకరంన్నర రైతు. 1983లో ‘పటేల్ 3’ రకం వరిలో వేరుగా కనిపించిన కొన్ని కంకులను ఏరి, ఏళ్ల తరబడి విడిగా నాటి చూసి, ఇవాళ దేశమంతా తినే హెచ్‌ఎంటీ బియ్యాన్ని తీశారు. ఆ పేరు ఆ రోజుల్లో చలామణిలో ఉన్న చేతి గడియారానిది. 2018లో పోయారు. ఆయన దగ్గర ప్రయోగశాల లేదు. విడిగా నాటడం, విడిగా కోయడం, పోల్చి చూడటం ఉన్నాయి.

అలాగే, ఒకే చేలో, ఒకే రకం, ఒకే రోజు నాటిన ఎకరాన్ని రెండు చేయండి. ఒక సగానికి మందు కలిపిన నీళ్లు, రెండో సగానికి అన్నే వట్టి నీళ్లు కొట్టండి. వట్టి నీళ్లు కొట్టడం తిక్కగా అనిపిస్తుంది గానీ, బెట్టలో ఉన్న పైరుకు నీళ్లు పడ్డా కొంత తేరుకుంటుంది, ఆ తేడా మందు ఖాతాలో పడకూడదు. ఎరువులు రెండు వైపులా సమానం. కోతప్పుడు ఒక్కో వైపు మూడు చోట్ల, గట్టుకు దూరంగా, 5 మీటర్లు పొడవు 5 మీటర్లు వెడల్పు తాడు కట్టి ఆ మేరకు విడిగా కోసి, నూర్చి, రెండింటినీ ఒకేలా ఎండబెట్టి తూచండి. తడి గింజ తూచితే లెక్క తప్పుతుంది. మూడు చోట్ల తూకాల సగటును 162తో గుణిస్తే ఎకరం దిగుబడి కిలోల్లో వస్తుంది. సగటులో కిలో తేడా ఉంటే ఎకరానికి 162 కిలోలు. వందో రెండొందలో గ్రాముల తేడా మాత్రమే ఉంటే దాన్ని మందు వల్ల అనుకోవద్దు, మట్టి తేడా కూడా అంత ఉంటుంది.

ఈ రబీలో గోధుమ మీద గానీ, వచ్చే ఖరీఫ్‌లో వరి మీద గానీ ఇలా చేసేవాళ్లు ఒక నోటుబుక్కులో ఇవి రాసి ఉంచండి: పంట, రకం, విత్తిన లేదా నాటిన తేదీ, వేసిన ఎరువులు, సీసా పేరు, నాచు పేరు, బ్యాచ్ నంబరు, కొట్టిన తేదీలు, ఆ వారం వాన పడిందా లేదా, రెండు వైపుల ఆరు తూకాలు. పేజీ ఫోటో మాకు పంపితే పేర్లు లేకుండా అన్నీ ఒక పట్టికలో చేర్చి ఇక్కడే ప్రచురిస్తాం. తేడా రాని చేల లెక్కలు కూడా పంపండి.